చేతికి అమరిన పనిముట్టు – గోల్ఫ్ క్రీడాకారుడు బాబీ జోన్స్ జీవితం

పదవీ విరమణ చేసి అమెరికాలోనో, హైదరాబాదులోనో ఉన్న పిల్లల దగ్గర కొన్ని నెలలు గడిపి వచ్చే మన సంఘ సభ్యులకు గోల్ఫ్ ఆట కంటికి కొత్త కాదు. ఆదివారం పొద్దున్నే కొడుకో, అల్లుడో పొడవాటి సంచి భుజాన వేసుకొని బయలుదేరుతాడు. ఆ సంచిలోని ఒక్కొక్క కర్ర ఖరీదు విన్న పెద్దవారికి మాట పడిపోతుంది. ఇన్ని కర్రలు ఎందుకు, ఇంత ధర ఎందుకు అన్న ప్రశ్న మనసులో మెదులుతుంది. ఈ ప్రశ్నకు చక్కని సమాధానం ఒక మహా క్రీడాకారుని జీవితంలో దొరుకుతుంది. ఆయనే అమెరికాకు చెందిన బాబీ జోన్స్.

మన రాష్ట్రంలో విశాఖపట్టణంలో 1884 నుండి గోల్ఫ్ క్లబ్బు ఉంది. తెలంగాణలో గోల్కొండ కోట పక్కనే ఒక మైదానం ఉంది. మన కర్నూలు, కడప వీధుల్లో మాత్రం క్రికెట్ బ్యాటు, షటిల్ బ్యాటు కనబడినంతగా గోల్ఫ్ కర్ర కనబడదు. అయినా మనకూ ఈ ఆటకూ దూరపు చుట్టరికం ఒకటి ఉంది. 1800లో దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చి, రైతుల మన్నన పొంది, 1827లో పత్తికొండలో కన్నుమూసిన సర్ థామస్ మన్రో స్కాట్లండు దేశస్థుడు. గోల్ఫ్ ఆటకు పుట్టినిల్లు ఆ స్కాట్లండే.

ఆట సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. మైదానంలో దూరదూరంగా పద్దెనిమిది గుంటలు ఉంటాయి. చిన్న బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి ఒక్కొక్క గుంటలో వేయాలి. తక్కువ దెబ్బలలో ముగించినవాడే విజేత. దూరం కొట్టడానికి ఒక కర్ర, ఇసుకలో నుండి లేపడానికి మరొకటి, గుంట దగ్గర మెల్లగా దొర్లించడానికి పట్టర్ అనే ఇంకొకటి కావాలి. అందుకే అన్ని కర్రలు.

బాల్యం

బాబీ జోన్స్ 1902 మార్చి 17న జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా నగరంలో జన్మించారు. తండ్రి న్యాయవాది. బిడ్డ పుట్టినప్పటి నుండి జీర్ణసంబంధమైన జబ్బుతో నలిగిపోయి, ఐదేళ్ళు వచ్చేవరకు గట్టి ఆహారం తినలేని స్థితిలో ఉన్నాడు. గాలి మార్పు కోసం కుటుంబం ఊరి వెలుపల ఈస్ట్ లేక్ అనే చోట కాపురం పెట్టింది. అక్కడి గోల్ఫ్ మైదానమే ఆ పిల్లవానికి బడీ, ఆటస్థలమూ అయింది.

ఆయన మొదటి కర్ర కొన్నది కాదు. పెద్దవారు వాడి వదిలిన పాత కర్రను పిల్లవాని ఎత్తుకు తగినట్లు కోసి ఇచ్చారు. స్కాట్లండు నుండి వచ్చిన స్టూవర్ట్ మెయిడెన్ అక్కడ శిక్షకుడు. ఆయన ప్రత్యేకంగా కూర్చోబెట్టి పాఠాలు చెప్పింది తక్కువ. ఆయన వెంట తిరిగి, ఆయన ఎలా నిలబడితే అలా నిలబడి, ఎలా తిప్పితే అలా తిప్పి బాబీ ఆట నేర్చుకున్నాడు. పద్నాలుగో ఏట, 1916లో, అమెరికా జాతీయ ఔత్సాహికుల పోటీలో పాల్గొనే స్థాయికి ఎదిగాడు.

ఏడేళ్ళ కరువు

మన సీమకు కరువు అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. జోన్స్ జీవితంలో 1916 నుండి 1923 వరకు అట్టి కరువు నడిచింది. నైపుణ్యంలో ఎవరికీ తీసిపోడు. కానీ పెద్ద పోటీ ఒక్కటీ గెలవలేదు. కారణం కోపం. దెబ్బ తప్పితే కర్రను విసిరికొట్టేవాడు. 1921లో స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ మైదానంలో, ఆట బెడిసికొట్టగానే పోటీ మధ్యలో విరమించుకున్నాడు. అదే ఏడాది అమెరికాలో విసిరిన కర్ర ఒక ప్రేక్షకురాలికి తగిలింది. అమెరికా గోల్ఫ్ సంఘం నుండి హెచ్చరిక లేఖ వచ్చింది. మన భాషలో చెప్పాలంటే మెమో అందింది.

ఆ మెమో ఆయనను మార్చింది. తప్పు కర్రది కాదని, కర్ర పట్టిన మనిషిదని గ్రహించిన తరువాతే విజయలక్ష్మి ఆయనను వరించింది. 1923లో అమెరికా ఓపెన్ పోటీలో గెలుపు చివరి గుంట మీద ఆధారపడింది. దూరం సుమారు 190 గజాలు, ఎదురుగా నీటిమడుగు. జోన్స్ తడబడకుండా ఒక ఇనుప కర్ర తీసి కొట్టారు. బంతి మడుగు దాటి గుంటకు కొద్ది అడుగుల దూరంలో ఆగింది. అదే ఆయన మొదటి పెద్ద విజయం.

ఒక్కొక్కటిగా కూడిన సంచి

ఆనాటి గోల్ఫ్ కర్రలకు హికరీ అనే అమెరికా చెట్టు కలపతో చేసిన కామలు ఉండేవి. మన రైతు గొడ్డలికి, పారకు కామ ఎలా ఎంచుతాడో తెలిసినవారికి ఈ విషయం సులభంగా బోధపడుతుంది. ఏ రెండు కర్రలూ ఒక్కలా ఉండవు. ఒకటి ఎక్కువ వంగుతుంది, ఒకటి బిర్రుగా ఉంటుంది, ఒకటి మెలి తిరుగుతుంది. చేతికి అమరని కామ బొబ్బలు తెప్పిస్తుంది, పని చెడగొడుతుంది.

జోన్స్ దుకాణానికి వెళ్ళి ఒక్కసారిగా సంచి నింపుకోలేదు. ఎన్నో కర్రలు చేతబట్టి, ఊపి చూసి, చేతికి సరిపోయినదాన్ని మాత్రమే ఉంచుకున్నారు. అలా ఏళ్ళ తరబడి సంచి నిండింది. తరువాతి కాలంలో ఆ కర్రలను పరీక్షిస్తే, ఒక్కటి తప్ప మిగిలినవన్నీ బరువులోను, ఊపులోను ఒకదానికొకటి సరిపోయాయని గోల్ఫ్ లోకంలో చెప్పుకుంటారు. ఆ ఒక్కటి మాషీ నిబ్లిక్ అనే కర్ర. ఆయనను ఎప్పుడూ ఇబ్బంది పెట్టినదీ అదేనట. యంత్రం కనిపెట్టవలసిన తేడాను చేయి ముందే కనిపెట్టిందన్న మాట.

ఆయనకు పేరు తెచ్చిన పట్టర్ కూడా కొత్తది కాదు. 1923లో స్టూవర్ట్ మెయిడెన్ అన్నగారు జిమ్మీ మెయిడెన్ ఇచ్చిన పాత కర్ర అది. దాని కామకు దారపు చుట్లు ఉండేవి. క్యాలమిటీ జేన్ అనే ముద్దుపేరు గల ఆ కర్రతోనే మొదటి పెద్ద పోటీ గెలిచారు. అరిగిపోతే 1926లో అచ్చం అలాంటిదే మరొకటి చేయించుకున్నారు గాని, కొత్త రకానికి పోలేదు. ఉక్కు కామలను అమెరికా గోల్ఫ్ సంఘం 1924లోనే అనుమతించింది. బ్రిటను 1929లో అనుమతించింది. అయినా జోన్స్ 1930 వరకు తన కలప కామలనే నమ్ముకున్నారు.

నియమమే ప్రాణం

జోన్స్ ఆటను వృత్తిగా చేసుకోలేదు. జార్జియా టెక్‌లో 1922లో ఇంజనీరింగు పట్టా, హార్వర్డులో 1924లో ఆంగ్ల సాహిత్య పట్టా పొంది, ఎమరీ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, న్యాయవాది అయ్యారు. ఔత్సాహికుడు అంటే బహుమతి సొమ్ము ముట్టనివాడు. 1927లో అట్లాంటా పౌరులు అభిమానంతో ఇల్లు కొనుక్కోమని 50 వేల డాలర్లు ఇచ్చారు. అది ఔత్సాహిక నియమాలకు విరుద్ధమని గోల్ఫ్ సంఘం అభిప్రాయపడగానే ఆ మొత్తాన్ని తిరిగి ఇచ్చివేశారు. ఏళ్ళ తరబడి ప్రవర్తనా నియమావళికి లోబడి ఉద్యోగం చేసిన మనకు ఆ పని విలువ బాగా తెలుసు.

అంతకు రెండేళ్ళ ముందు జరిగిన సంగతి ఇంకా గొప్పది. 1925 అమెరికా ఓపెన్ పోటీలో గడ్డిలో ఉన్న బంతిని కొట్టబోతుండగా అది కొద్దిగా కదిలింది. చూసినవారు లేరు. అధికారులు కూడా ఆయన మాటకే వదిలేశారు. జోన్స్ మాత్రం పట్టుబట్టి తన మీద ఒక దెబ్బ జరిమానా వేసుకున్నారు. చివరికి విల్లీ మెక్‌ఫార్లేన్‌తో సమానంగా నిలిచి, తిరిగి ఆడిన ఆటలో ఒకే ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయారు. ఆ జరిమానా వేసుకోకపోతే పోటీ ఆయనదే. ఒక కప్పు పోయింది, మనిషి నిలిచాడు.

నాలుగు విజయాలు – విరమణ

1930వ సంవత్సరం గోల్ఫ్ చరిత్రలో చిరస్మరణీయమైనది. ఆ ఏడాది బ్రిటను ఔత్సాహికుల పోటీ, బ్రిటను ఓపెన్, అమెరికా ఓపెన్, అమెరికా ఔత్సాహికుల పోటీ నాలుగింటినీ జోన్స్ వరుసగా గెలిచారు. ఆ నాలుగింటినీ ఒకే ఏడాది గెలిచినవారు ఆయనకు ముందు లేరు, ఇప్పటివరకూ లేరు. 1923 నుండి అప్పటికి గెలిచిన పెద్ద పోటీలు మొత్తం పదమూడు. ఒకప్పుడు కోపంతో వదిలిపెట్టి వచ్చిన సెయింట్ ఆండ్రూస్‌లోనే ఆ ఏడాది మొదటి విజయం దక్కింది.

అదే సంవత్సరం నవంబరులో, ఇరవై ఎనిమిదో ఏట, ఆయన పోటీల నుండి విరమించారు. ఔత్సాహిక హోదాను కూడా స్వయంగా వదులుకొని, ఆ తరువాతే ఆట నేర్పే చలనచిత్రాలలో నటించారు, స్పాల్డింగ్ కంపెనీ కోసం కర్రలు రూపొందించారు. 1932లో వచ్చిన ఆ కర్రలు ఒకదానికొకటి సరిపోయే ఉక్కు కామల జత. తాను చేతితో వెదుక్కున్న పొందికను సామాన్యుడు దుకాణంలోనే పొందేలా చేయడం ఆయన ఉద్దేశం. క్లిఫర్డ్ రాబర్ట్స్‌తో కలిసి అగస్టాలో నెలకొల్పిన మైదానంలో 1934లో ఒక పోటీ మొదలుపెట్టారు. ఏటా జరుగుతున్న మాస్టర్స్ పోటీ అదే.

మన పిల్లలకు పనికివచ్చే మాటలు

ఆ రోజుల్లో కొందరు ఇరవై, ముప్పై కర్రలు మోయించుకొని తిరిగేవారు. అమెరికాలో 1938 నుండి, బ్రిటనులో 1939 నుండి పద్నాలుగుకు మించరాదనే నియమం వచ్చింది. పద్నాలుగు గరిష్ఠ పరిమితే గాని తప్పనిసరి కాదు. కొత్తగా నేర్చుకునేవారికి ఏడెనిమిది చాలు. దూరానికి ఒకటి రెండు, మధ్య దూరానికి మూడు నాలుగు ఇనుప కర్రలు, ఇసుకకు ఒకటి, ఒక పట్టర్ ఉంటే ఆట నడుస్తుంది. మొదట అరువు తెచ్చుకొని ఆడి చూడాలి. వాడిన జత మంచిది దొరికితే నామోషీ పడనక్కరలేదు.

కొనేటప్పుడు మూడు సంగతులు చూసుకోవాలి. ఒకటి, పొడవు. మనిషి మొత్తం ఎత్తుతో పాటు మణికట్టు నుండి నేల వరకు గల ఎత్తును కూడా బట్టి దీన్ని నిర్ణయిస్తారు. రెండు, పిడి లావు. ఎడమచేత్తో పట్టుకున్నప్పుడు నడిమి రెండు వేళ్ళ కొనలు అరచేతిని కొద్దిగా తాకాలి. గుచ్చుకుంటే పిడి సన్నం, అందకపోతే లావు. మూడు, కామ వంపు. నెమ్మదిగా ఊపేవారికి, వయసు మళ్ళినవారికి తేలికగా వంగే కామ మంచిది. బిర్రు కామతో మోచేతికి, నడుముకు శ్రమ. పేరున్న ఆటగాడు వాడుతున్నాడని అదే కొనడం, పక్కింటివారి కళ్ళజోడు పెట్టుకోవడం లాంటిది.

చివరి ఇరవై మూడేళ్ళు

రెండో ప్రపంచ యుద్ధంలో, వయసు నలభై దాటినా, జోన్స్ సైన్యంలో చేరి 1944లో నార్మండీలో అడుగుపెట్టారు. 1948 నాటికి కాళ్ళూ చేతులూ పట్టు తప్పసాగాయి. వెన్నుపాములో నీటిబుడగ ఏర్పడే సిరింగోమైలియా అనే అరుదైన వ్యాధి అది. శస్త్రచికిత్సలు జరిగినా నయం కాలేదు. ఆ ఏడాదే గోల్ఫ్ కర్రలు శాశ్వతంగా పక్కన పెట్టారు. తరువాత చేతికర్ర, ఆపైన చక్రాల కుర్చీ వచ్చాయి. ఒకప్పుడు చిన్న తప్పుకే కర్ర విసిరిన మనిషి, ఈ పెద్ద కష్టం వచ్చినప్పుడు ఎవరినీ నిందించలేదు, సానుభూతి కోరలేదు. 1958లో సెయింట్ ఆండ్రూస్ పట్టణం ఆయనకు గౌరవ పౌరసత్వం ఇచ్చింది. అమెరికన్లలో అంతకుముందు ఆ గౌరవం దక్కింది బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక్కరికే. 1971 డిసెంబరు 18న, అరవై తొమ్మిదో ఏట, బాబీ జోన్స్ తుదిశ్వాస విడిచారు.

మనలో చాలామంది ఈ వయసులో గోల్ఫ్ కర్ర పట్టబోము. కానీ షటిల్ బ్యాటు పట్టేవారున్నారు, చేతికర్ర పట్టవలసినవారున్నారు. చేతికర్ర కొనేటప్పుడు కూడా సూత్రం ఇదే. చెప్పులు వేసుకొని నిటారుగా నిలబడి చేయి వదిలేస్తే, కర్ర పిడి మణికట్టు ముడత దగ్గరకు రావాలి. తండ్రిగారిదనో, అందంగా ఉందనో పొడుగైన కర్ర పట్టుకుంటే భుజం నొప్పి, పొట్టిదైతే నడుము నొప్పి.

పనిముట్టు ఖరీదైనది కానక్కరలేదు, మన చేతికి అమరినదైతే చాలు. తప్పు జరిగినప్పుడు దాన్ని నిందించకుండా ఉండాలి. సమయం వచ్చినప్పుడు హుందాగా పక్కన పెట్టగలగాలి. పిల్లలకూ మనుమలకూ ఆటవస్తువులు కొనిపెట్టే పెద్దలు ఈ మహనీయుని కథను కూడా వారికి చెప్పగలరని ఆశిస్తున్నాము.