ఆకలిని వెతుక్కుంటూ వెళ్లిన పండిత రమాబాయి

మద్రాసు ప్రెసిడెన్సీ కరువుతో అల్లాడుతున్న రోజులవి. 1874లో తిరుపతి కొండల దగ్గరి అడవిలో ఒక పండిత కుటుంబం ఆకులు అలములు తిని రోజులు వెళ్లదీసింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. భార్యాబిడ్డలతో కాలినడకన పుణ్యక్షేత్రాలు తిరుగుతూ, పురాణం చెబుతూ, భక్తులు ఇచ్చిన దానితో బతికాడు. ఉన్న నగలు, వెండి సామాన్లు అన్నీ అమ్ముడైపోయాయి. ఆఖరి గింజ కూడా అయిపోయాక, చెయ్యి చాచి అడగడానికి అభిమానం అడ్డొచ్చి, కూలిపని తెలియక ఆ కుటుంబం అడవి దారి పట్టింది. చూపు మందగించిన ఆ వృద్ధుడు కోనేటిలో దిగి ప్రాణం వదిలేద్దామనుకున్నాడు. ఏ పనైనా చేసి అందరినీ పోషిస్తానని కొడుకు శ్రీనివాస్ బతిమాలి ఆపాడు. కానీ కొద్ది రోజులకే ఆయన కన్నుమూశాడు.

మిగిలినవాళ్లు అప్పటి నిజాం రాజ్యంలోని రాయచూరు చేరారు. అక్కడ తల్లి లక్ష్మీబాయి మంచం పట్టింది. ఆకలి బాధలో ఆమె తిండి కోసం కలవరిస్తుంటే, పదహారేళ్ల కూతురు పక్కింటికి వెళ్లి నిలబడింది. రొట్టెముక్క కావాలని అడగడానికి నోరు రాలేదు, కన్నీళ్లే వచ్చాయి. చివరికి సజ్జరొట్టె ముక్క దొరికింది. దాన్ని నమిలే శక్తి ఆ తల్లికి అప్పటికి లేదు. ఆమె చనిపోతే పాడె మోయడానికి నలుగురు దొరకలేదు. జాలిపడి ఇద్దరు వచ్చారు. మూడోవాడు కొడుకు. నాలుగో వైపు ఆ అమ్మాయే పట్టుకుంది. పొట్టి మనిషి కావడంతో భుజానికి అందక, పాడె కొమ్మును తలమీద పెట్టుకుని శ్మశానం దాకా నడిచింది. కొన్ని నెలలకు అక్క కూడా కలరాతో పోయింది. ఆ అమ్మాయే తర్వాతి కాలంలో లోకమంతా ఎరిగిన పండిత రమాబాయి.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పడమటి కనుమల్లోని గంగామూలలో పుట్టింది. ఆడవాళ్లకు సంస్కృతం నేర్పకూడదన్న కాలంలో అనంతశాస్త్రి తన భార్యకు సంస్కృతం నేర్పాడు. అందుకు మతపెద్దల ముందు నిలబడి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ తల్లే కూతురికి గురువైంది. వేల శ్లోకాలు రమాబాయికి కంఠతా వచ్చాయి. తల్లిదండ్రులు పోయాక అన్నాచెల్లెళ్లిద్దరూ వేల మైళ్లు నడిచి 1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఆమె విద్యకు ఆశ్చర్యపోయి పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు. 1880లో అన్న చనిపోయాడు. అదే ఏడాది బిపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ న్యాయవాదిని కులాంతర వివాహం చేసుకుంది. 1881లో కూతురు మనోరమ పుట్టింది. 1882 ఫిబ్రవరిలో కలరా భర్తను తీసుకుపోయింది. ఇరవై మూడేళ్ల వయసుకే ఆమె అనాథ, వితంతువు, ఒంటరి తల్లి.

1883లో ఆమె ఇంగ్లాండ్ వెళ్లింది. వాంటేజ్ అనే ఊళ్లోని ఆంగ్లికన్ సిస్టర్ల దగ్గర ఉంది. వాళ్లు ఆమెను లండన్‌లోని ఫుల్‌హామ్‌లో తాము నడిపే ఆశ్రమం చూడమని పంపారు. దారి తప్పిపోయిన స్త్రీలను చేరదీసి, ప్రేమగా చూసుకునే చోటు అది. సమాజం ఛీ అని పొమ్మన్నవాళ్లకు ఇంత సేవ ఎందుకు చేస్తున్నారని రమాబాయి అడిగింది. ఒక సిస్టర్ యోహాను సువార్త నాలుగో అధ్యాయం తెరిచి, బావి దగ్గర సమరయ స్త్రీతో యేసు మాట్లాడిన సంగతి చదివి వినిపించింది. శాస్త్రాలన్నీ చదివిన ఆ మనసు ఆ చోట కరిగింది. 1883 సెప్టెంబరు 29న కూతురితోపాటు బాప్తిస్మం తీసుకుంది. ఒక ఆశ్రమాన్ని కళ్లారా చూడటం ఆమె జీవితాన్నే మార్చేసింది.

1886లో అమెరికా వెళ్లింది. వైద్యవిద్య పూర్తి చేసిన ఆనందీబాయి జోషి పట్టా పుచ్చుకునే వేడుక చూసి తిరిగి రావాలని వెళ్లినామె రెండున్నరేళ్లు ఉండిపోయింది. ఊరూరా తిరిగి బడులు, ధర్మసంస్థలు చూసింది. చిన్నపిల్లలకు ఆటలతో చదువు చెప్పే కిండర్‌గార్టెన్ పద్ధతి నేర్చుకుంది. 1887లో ఉన్నతకుల హిందూ స్త్రీల బతుకు గురించి ఇంగ్లీషులో పుస్తకం రాసింది. ఆ ఏడాది చివర బోస్టన్‌లో ఏర్పడిన రమాబాయి అసోసియేషన్, వితంతువుల పాఠశాలకు పదేళ్లు డబ్బు పంపుతామని మాటిచ్చింది. 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ మొదలైంది. మరుసటి ఏడాది అది పుణెకు మారింది.

పాఠశాలలో మతబోధ ఉండదన్నది ఒప్పందం. రమాబాయి తన గదిలో చేసుకునే ప్రార్థనకు కొందరు అమ్మాయిలు ఇష్టపడి వచ్చి కూర్చోవడంతో 1893లో పుణెలో పెద్ద దుమారం రేగింది. చాలామంది తమ పిల్లల్ని తీసుకెళ్లిపోయారు. బోస్టన్ సంఘం దూరం నుండి విన్నమాటలను బట్టి తీర్పు చెప్పలేదు. తమ ప్రతినిధిని అంత దూరం నుండి పంపింది. వచ్చిన ఆ పెద్దామె పాఠశాలను స్వయంగా చూసి, విచారించి వెళ్లింది. సహాయం ఆగలేదు. పరాయి దేశపు సొమ్ముతో సేవచేసే వాళ్లూ, ఆ సొమ్ము పంపేవాళ్లూ ఇద్దరూ నేర్చుకోదగ్గ సంగతి ఇందులో ఉంది.

1896 చివరలో మధ్య పరగణాల్లో, అంటే నేటి మధ్యప్రదేశ్ వైపు, ఘోరమైన కరువు వచ్చింది. ఆ వార్త వినగానే రమాబాయికి తిరుపతి అడవి, రాయచూరు గుర్తుకొచ్చాయి. చేతిలో పెద్ద డబ్బు లేదు. బోస్టన్ సొమ్ము శారదా సదన్‌కు ఉద్దేశించింది, కరువు పిల్లలందరికీ వాడటానికి వీల్లేదు. అయినా ఆమె బయల్దేరింది. పుణెలో కూర్చుని చందా పంపి ఊరుకోలేదు. ప్రభుత్వం నడిపే పేదల శిబిరాలు, కరువు పనులు జరిగే చోట్లు ఒక్కొక్కటే తిరిగి చూసింది.

అక్కడ చూసినది ఆమె అనుకున్న దానికన్నా దారుణంగా ఉంది. పస్తులుండి ఎముకలపోగులైన పిల్లలు సరే, శిబిరాల్లో దిక్కులేని ఆడపిల్లల మీద కన్నేసిన దుర్మార్గులు కనిపించారు. తిండి ఆశ చూపించి అమ్మాయిలను పాడుచేసేవాళ్లు, తీసుకెళ్లి అమ్మేసేవాళ్లు ఉన్నారు. ఆ శిబిరంలో గంజి దొరుకుతున్నట్టే లెక్క. కాగితం మీద చూస్తే అక్కడ సహాయం అందుతోంది. కానీ గంజి పోసే చోటే ఆడపిల్లకు రక్షణ లేదని, దగ్గరికి వెళ్లి చూసినవాళ్లకే తెలుస్తుంది. అందుకే రమాబాయి తన సహాయం ఎవరికో తేల్చుకుంది. యువతులను, ఆడపిల్లలను, బాల వితంతువులను ముందు తీసుకొచ్చింది. అలా దాదాపు 300 మంది వచ్చారు. ఆ సమయంలోనే పుణెలో ప్లేగు పుట్టి, కొత్తవాళ్లను నగరంలో ఉంచకూడదని అధికారులు ఆంక్ష పెట్టారు. అప్పటికే పండ్లతోట కోసమని పుణెకు సుమారు 60 కిలోమీటర్ల దూరంలో కేడ్‌గావ్‌లో కొన్న పొలం ఉంది. వాళ్లను అక్కడికే చేర్చింది. విముక్తి అనే అర్థంతో దానికి ముక్తి అని పేరుపెట్టింది.

తీసుకొచ్చిన పిల్లల్ని లెక్కల్లో రాసి మరిచిపోయే మనిషి కాదామె. 1897లో తన అమ్మాయిని ఒకామెను ప్లేగు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ పిల్ల ఏమైందో అధికారులు సరిగ్గా చెప్పలేకపోయారు. రమాబాయి పత్రికకు లేఖ రాసి బొంబాయి గవర్నరు పాలననే నిలదీసింది. వందల మందిలో ఒక్కరు తప్పిపోయినా ఆ తల్లికి నిద్రపట్టలేదు. తొంభై తొమ్మిదింటిని విడిచి ఒక్కదాని కోసం వెళ్లిన కాపరి ఉపమానం మనకు తెలిసిందే కదా!

1900లో గుజరాత్‌లో మరో కరువు వచ్చింది. రమాబాయి మనుషులు అక్కడికి వెళ్లి ఇంకెంతోమందిని తెచ్చారు. ముక్తిలో ఉన్నవాళ్ల సంఖ్య దాదాపు 2000కు చేరింది. కులం అడగలేదు. అంధులకు బ్రెయిలీ నేర్పారు. పతితులని పేరుపడ్డ స్త్రీలకు కృపా సదన్ కట్టారు. నేత, వ్యవసాయం, పాడి, నూనె గానుగ, ముద్రణ ఇలా ఏదో ఒక పని ప్రతివాళ్లూ నేర్చుకునేవారు. నిన్న దిక్కులేక వచ్చిన అమ్మాయి కొన్నాళ్లకు తన తర్వాత వచ్చిన పాపకు జడవేసి అన్నం పెట్టేది. ఆశ్రమంలో ఉన్నవాళ్లను ఎల్లకాలం చెయ్యిచాచేవాళ్లుగా ఉంచకూడదన్నది ఆమె పట్టుదల.

డబ్బు విషయంలో ఆమెకు ధైర్యమిచ్చిన వాళ్లలో జార్జ్ ముల్లర్ ఒకడు. ఇంగ్లాండ్‌లోని బ్రిస్టల్‌లో 1836లో ఒక అద్దె ఇంట్లో అనాథాశ్రమం ప్రారంభించి, 1898లో చనిపోయేనాటికి పదివేల మందికి పైగా పిల్లల్ని సాకిన విశ్వాసి ఆయన. ఎవరినీ చందా అడగకుండా దేవునికే మొరపెట్టాడు. వచ్చిన ప్రతి కానుకకూ రసీదు ఇచ్చి, ఏటా లెక్క అచ్చువేశాడు. ఆయన జీవితకథ రమాబాయిని కదిలించింది. ముక్తిని ఆమె అదే విశ్వాసంతో నడిపింది.

చివరి ఏళ్లలో హీబ్రూ, గ్రీకు నేర్చుకుని, సామాన్య స్త్రీలకు అర్థమయ్యే తేలిక మరాఠీలోకి బైబిలును అనువదించింది. ముక్తి అమ్మాయిలే అక్షరాలు కూర్చి అచ్చువేశారు. తల్లికి కుడిభుజంగా నిలిచిన మనోరమ నిజాం రాజ్యంలోని గుల్బర్గాలో ఆడపిల్లల బడి పెట్టించింది. తల్లిని పోగొట్టుకున్న రాజ్యానికే ఆ కుటుంబం విద్యాదానం చేసింది. 1921లో మనోరమ చనిపోయింది. కడుపుకోతను దిగమింగి రమాబాయి అనువాదం ముగించి, 1922 ఏప్రిల్ 5న ప్రభువు నందు నిద్రించింది. కేడ్‌గావ్‌లో ముక్తి మిషన్ ఈనాటికీ ఉంది.

దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను వారి ఇబ్బందిలో పరామర్శించడమే పవిత్రమైన భక్తి అని యాకోబు పత్రిక మనకు నేర్పుతుంది. పరామర్శ అన్న మాటకు గ్రీకులో వాడిన క్రియకు వెళ్లి చూడటం, శ్రద్ధగా కనిపెట్టి చూడటం అనే అర్థాలున్నాయి. సంఘాధ్యక్షుడు అనే మాట కూడా ఆ ధాతువు నుండే వచ్చింది. అంటే పంపడానికి ముందు చూడటం ఉంది. క్లౌదియ చక్రవర్తి కాలంలో కరువు వచ్చినప్పుడు అంతియొకయ సంఘం సహాయాన్ని బర్నబా, సౌలుల చేతికిచ్చి యూదయకు పంపింది. యెరూషలేము పేదల కానుక విషయంలో ఎవరూ తప్పుపట్టడానికి వీల్లేకుండా పౌలు నమ్మకమైన మనుషులను వెంటపెట్టుకున్నాడు. ప్రేమ ఉన్నచోట విచారణ ఎందుకని అపొస్తలులు అనుకోలేదు.

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్బీనగర్ వెళ్లే మెట్రోలో చైతన్యపురి దాటగానే విక్టోరియా మెమోరియల్ అనే స్టేషన్ వస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1901లో మరణించిన విక్టోరియా రాణి జ్ఞాపకార్థం సరూర్‌నగర్‌లో వెలసిన అనాథాశ్రమం వల్లనే ఆ పేరు. ముక్తి నిండిపోయిన రోజుల్లోనే మన పొరుగున ఈ తలుపులూ తెరుచుకున్నాయన్నమాట. రోజూ ఆ పేరు వింటూ ప్రయాణించే మనలో ఎంతమందిమి అది అనాథల ఇల్లని తలచుకుంటున్నాం?

క్రిస్మస్ వచ్చిందంటే మా ప్రాంతంలోని సంఘాలన్నీ దుప్పట్లు, కేకులు, బిర్యానీ పొట్లాలు పట్టుకుని ఆశ్రమాలకు వెళతాయి. మేమూ వెళతాం. మంచిదే. కానీ డిసెంబరులో రోజుకు మూడు కేకులు కోసే పిల్లలకు జూన్‌లో నోటుపుస్తకాలున్నాయా? రోడ్డుమీదికి బోర్డు కనబడే ఆశ్రమానికే అందరం వెళుతున్నామా? విదేశాల్లోని మన తెలుగు విశ్వాసులు సెలవుల్లో వచ్చి, తమ కానుక ఎక్కడ ఇవ్వాలని పాస్టర్లను అడుగుతుంటారు. వాళ్లకు మేము చెప్పేది రమాబాయి నేర్పిందే. ముందు చెప్పకుండా, మామూలు రోజున వెళ్లి చూడండి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఆ ఇల్లు నమోదైందా, పిల్లలు జిల్లా బాలల సంక్షేమ కమిటీ ద్వారానే వచ్చారా అని అడగండి. రాత్రిపూట ఆడపిల్లలకు కాపలా ఎవరో అడగండి. లెక్కలు చూపించమనండి. మంచి నిర్వాహకులు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు, సంతోషిస్తారు. పిల్లల్ని వరసగా నిలబెట్టి పాటలు పాడించి ఫొటోలు తీసుకోవద్దు. రాయచూరులో నోరుతెరిచి అడగలేక నిలబడిన ఆ అమ్మాయి కన్నీళ్లను తలచుకోండి.

మరో మాట. ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. పేదరికం వల్ల బిడ్డను వదిలిన తల్లికి ఒక కుట్టుమిషనో, నెలకు సరిపడా బియ్యమో, బడి ఫీజో అందితే ఆ బిడ్డ అమ్మ ఒళ్లోనే పెరుగుతుంది. తల్లికి రొట్టె దొరికి ఉంటే రమాబాయి ఆనాడు అనాథ అయ్యేది కాదు. మన వీధిలో, మన సంఘంలో వెనక బెంచీలో కూర్చునే వితంతువు ఇంటికి వెళ్లి చూస్తే, మన కానుక ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే తెలియవచ్చు.

హాగరు ఎడారిలో బిడ్డను పొదకింద పడుకోబెట్టి ఏడ్చినప్పుడు దేవుడు ఆ చిన్నవాని మొర విన్నాడు. ఆ తల్లి ఆయనను తనను చూచుచున్న దేవుడని అంతకుముందే పేరుపెట్టి పిలిచింది. చూసే దేవుని బిడ్డలం మనం. ఈ వారం కానుక కవరు మూసే ముందు, ఒక గుమ్మం దాకా వెళ్లి చూసి వద్దాం. ప్రభువు మన కళ్లను, చేతులను ఆశీర్వదించును గాక!