కార్వర్ గారి పెరటి బంధువులు

ఎనిమిదో క్లాసులో మా జీకే పుస్తకంలో జార్జ్ వాషింగ్టన్ కార్వర్ గురించి ఒకే ఒక్క లైను ఉండేది. వేరుశనగ నుంచి 300 వస్తువులు తయారుచేసిన శాస్త్రవేత్త అని. బట్టీ పట్టాను, క్విజ్‌లో చెప్పాను, మర్చిపోయాను. మొన్న సెమిస్టర్ సెలవుల్లో ఆయన జీవితం మొత్తం చదివాక, ఆ లైను ఆయన గురించి చెప్పాల్సినవాటిలో చివరిది అనిపించింది. ఆ 300లో చాలావరకు మార్కెట్‌కే రాలేదు. పీనట్ బటర్ కూడా ఆయన కనిపెట్టింది కాదు. అసలు పని చేలో, వంటింట్లో జరిగింది.

1864 ప్రాంతంలో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో డైమండ్ అనే ఊరి దగ్గర బానిసగా పుట్టాడు. పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. పసిగుడ్డుగా ఉన్నప్పుడే దోపిడీ ముఠా వచ్చి తల్లినీ, ఇతన్నీ ఎత్తుకెళ్ళింది. పిల్లాడు దొరికాడు, తల్లి మళ్ళీ ఎప్పటికీ కనిపించలేదు. యజమాని మోజెస్ కార్వర్, ఆయన భార్య సూసన్ పెంచారు. జబ్బు మనిషి కాబట్టి పొలం పనికి పంపకుండా ఇంటి పని, పెరటి పని చెప్పేవారు. అలా మొక్కలు అలవాటయ్యాయి. చుట్టుపక్కల వాళ్ళు వాడిపోయిన మొక్కలు తెచ్చి ఈ పిల్లాడికి చూపించేవాళ్ళట. పిల్లాడికి బయటివాళ్ళతో మొదటి స్నేహాలు అవే.

నల్లపిల్లల బడి కోసం పదకొండు, పన్నెండేళ్ళ వయసులో నడుచుకుంటూ నియోషో అనే ఊరు వెళ్ళాడు. ఆ రాత్రి ఎవరిదో కొట్టంలో పడుకున్నాడు. పొద్దున చూస్తే అది మరియా వాట్కిన్స్ వాళ్ళది. ఆమె మంత్రసాని, ఆకులు వేర్లతో వైద్యం తెలిసిన మనిషి. ఇంట్లో పెట్టుకుని, పని చెప్పి, బడికి పంపింది. కార్వర్ వాళ్ళ జార్జ్ అని కాదు, జార్జ్ కార్వర్ అని చెప్పుకోమని నేర్పింది కూడా ఆమే.

తర్వాత కాన్సాస్‌లో ఒక కాలేజీ ఉత్తరం ద్వారా సీటు ఇచ్చి, మనిషిని చూశాక నల్లవాడని వెనక్కి పంపేసింది. 1886లో అదే రాష్ట్రంలో నెస్ కౌంటీలో 160 ఎకరాల ప్రభుత్వ భూమి తీసుకుని, మట్టిపెళ్ళలతో ఇల్లు కట్టుకుని సాగు మొదలుపెట్టారు. చెట్టూ చేమా లేని మైదానం, మంచు తుఫాన్లు. ఇరుగుపొరుగు రైతులు ఎక్కువగా తెల్లవాళ్ళే. అయినా వాళ్ళతో కలిసిపోయారు. అక్కడి సాహితీ సంఘంలో సహాయ సంపాదకుడిగా ఎన్నుకున్నారు. (మన క్లబ్ వాళ్ళు గమనించగలరు!) కానీ వ్యవసాయం గిట్టుబాటు కాలేదు, వదిలేశారు.

1890లో అయోవాలో సింప్సన్ కాలేజీలో బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి చేరారు. తోటి స్టూడెంట్ల బట్టలు ఉతికి ఫీజు కట్టుకున్నారు. ఆయన బొమ్మల్లో మొక్కలు చూసిన టీచర్ ఎటా బడ్ వ్యవసాయం చదవమని ఏమ్స్ కాలేజీకి పంపింది. ఏమ్స్‌లో మెస్ హాల్లోకి రానివ్వలేదు. కింద బేస్‌మెంట్‌లో పొలం కూలీలతో తినమన్నారు. ఆ సంగతి తెలిసి, సింప్సన్ రోజుల నాటి స్నేహితురాలు లిస్టన్ గారు రైలెక్కి వచ్చి, ఒక రోజంతా ఆయనతో తిరిగి, ఆ బేస్‌మెంట్‌లోనే కూర్చుని భోంచేశారు. ఈ ఒక్క భోజనం గురించి చదివి నేను చాలాసేపు పేజీ తిప్పలేదు. ఆమె ప్రసంగాలేమీ చేయలేదు. వచ్చి పక్కన కూర్చుని తిన్నది, అంతే.

ఏమ్స్‌లో ఒక లెక్చరర్ కొడుకు ఐదారేళ్ళ వాడు ఈయన వెంటపడి పొలాల్లో, అడవుల్లో తిరిగేవాడు. ఏది ఏ గడ్డో, ఏది ఏ పువ్వో ఈయన చెప్పేవారు. ఆ పిల్లాడి పేరు హెన్రీ వాలెస్. 1933లో అమెరికా వ్యవసాయ మంత్రి, 1941లో ఉపాధ్యక్షుడు అయ్యాడు. మొక్కలంటే ఇష్టం కలిగింది కార్వర్ వల్లే అని చెప్పుకున్నాడు.

1896లో బుకర్ టి. వాషింగ్టన్ పిలిస్తే అలబామాలో టస్కీగీకి వచ్చారు. ల్యాబ్ లేదు. చెత్తకుప్పల్లో సీసాలు ఏరి సామాను చేసుకున్నారు. బయట చూస్తే గుమ్మం దాకా పత్తి. భూమి దొరది, విత్తనం, తిండి షాపు అప్పు. పంట రాగానే అప్పు కింద జమ. అప్పిచ్చేవాడికి పత్తే కావాలి కాబట్టి కూరగాయల మడికి చోటు ఉండేది కాదు. తిండి అంటే మొక్కజొన్న పిండి, ఉప్పు పెట్టిన పంది కొవ్వు, మొలాసిస్. దాంతో పెల్లగ్రా అనే జబ్బు. బి విటమిన్లలో ఒకటి తక్కువైతే వస్తుంది. అది వేరుశనగలో బాగా ఉంటుంది (మీరు పల్లీలు అనండి, సీమవాళ్ళు చెనిక్కాయలు అంటారు). పైగా వేరుశనగ, అలసందలు నేలకు నత్రజని ఇస్తాయి. అందుకే అవి వేయమన్నారు. ఆ జీకే లైను వెనకాల ఉన్న కథ ఇదీ.

రైతులు కాలేజీకి రాలేరని కాలేజీనే బండెక్కించారు. 1906లో మోరిస్ జెసప్ అనే న్యూయార్క్ ధనవంతుడి డబ్బుతో కట్టిన గుర్రబ్బండి అది, పేరు జెసప్ వ్యాగన్. తర్వాత దాన్ని ఊరూరా తిప్పింది ఆయన శిష్యుడు థామస్ క్యాంప్‌బెల్. ఎవరో ఒక రైతు చేలో ఆపి, అక్కడే దున్ని చూపించడం, కూరలు నిలవబెట్టడం నేర్పించడం. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా చేరేవారు. కార్వర్ 44 బులెటిన్లు రాశారు. వాటిలో రైతుకి సాగు, ఇల్లాలికి వంట, రెండూ ఉండేవి. 1929లో టస్కీగీ వచ్చిన సి.ఎఫ్. ఆండ్రూస్ పరిచయంతో గాంధీజీకి కూడా బులెటిన్లు పంపారు.

ఇక్కడ నాకొక సందేహం. నేల సొంతం కానివాడు దాన్ని బాగుచేస్తే లాభం దొరకే కదా? వచ్చే ఏడు ఖాళీ చేయమంటే ఎరువు కష్టం మొత్తం పోయినట్టే. కార్వర్ ఈ ప్రశ్నను గట్టిగా అడగలేదు. ఎవరితోనూ తగాదా పెట్టుకునే మనిషి కాదు (వాషింగ్టన్‌తో కోళ్ళ ఫారం విషయంలో మాత్రం ఏళ్ళతరబడి పేచీ!). నాకు అది లోటే అనిపిస్తుంది. కానీ పెరట్లో నాలుగు చిలగడదుంపలు ఉన్న ఇంటికి, ఆ వారం షాపుకి వెళ్ళి తలవంచే పని తప్పింది. అదీ నిజమే.

పెళ్ళి చేసుకోలేదు. శిష్యులనే పిల్లలంటూ వాళ్ళకి చివరిదాకా ఉత్తరాలు రాశారు. 1943 జనవరి 5న పోయారు. అంతకు ముందు ఏడాది, యుద్ధం రోజుల్లో, ఆయన రాసిన బులెటిన్ కలుపు మొక్కల గురించి. ఏవి తినొచ్చు, ఎలా వండాలి అని. మనవాళ్ళు గట్టు మీద గంగవాయిలి కూర ఏరుకొచ్చి పప్పులో వేసినట్టే. అవి కోసుకోవడానికి భూమి అక్కర్లేదు, దొరని అడగక్కర్లేదు.