ఫిడేలు నాయుడు గారి బడి

ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు వేదికెక్కి త్యాగరాజస్వామి కీర్తన వాయిస్తుంటే మనమంతా చప్పట్లు కొడతాం. తల్లిదండ్రుల్ని అభినందిస్తాం, పిల్లల్ని ముద్దు చేస్తాం. నేర్పిన మేష్టారో, టీచరమ్మో సామాన్యంగా హాలులో ఏ మూలనో నిలబడి ఉంటారు. వాళ్ళకి నేర్పినవారెవరు, వాళ్ళ గురువులకి నేర్పినవారెవరు అని వెనక్కి వెళ్తూ ఉంటే, మన తెలుగువాళ్ళలో చాలామంది దారి విజయనగరం కోట దగ్గరున్న ఒక బడికి చేరుతుంది. ఆ బడిలో పాఠం చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి గురించి నాలుగు మాటలు రాయాలని ఎన్నాళ్ళుగానో నా కోరిక. ఆయన విద్వత్తు గురించి రాయగల పెద్దలు వేరే ఉన్నారు. నేను వారి మేష్టరీ గురించి చెబుతాను.

నాయుడు గారు 1893 నవంబరు 8న బెంగుళూరులో పుట్టారు. తండ్రి గారిది సైన్యంలో ఉద్యోగం. పెరిగింది మాత్రం మా విశాఖపట్నంలో. చిన్నతనం నుంచీ చూపు మందం. బల్ల మీద రాసింది కనపడక చదువు సాగలేదు, ఆ కారణంగానే బడి నుంచి పంపించేశారు. ఆ రోజుల్లో బడి మానిన పిల్లవాడికి, అందులోనూ చూపు సరిగా ఆనని పిల్లవాడికి, బతుకుతెరువు ఏముంటుంది? ఇంట్లో అందరూ దిగులు పడవలసిన సమయంలో అన్నగారు వెంకటకృష్ణయ్య తమ్ముడి చేతికి ఫిడేలు ఇచ్చారు. తనే మొదటి గురువై నేర్పారు. ఫిడేలుకి కళ్ళతో పని తక్కువ. చెవి, వేళ్ళు, ఓపిక ఉంటే చాలు. ఆ మూడూ ఆ కుర్రవాడికి పుష్కలంగా ఉన్నాయి.

1919లో విజయనగరం మహారాజు విజయరామ గజపతిరాజు గారు సంగీత కళాశాల స్థాపించారు. దాని వెనక ఒక కథ చెబుతారు. సంస్థాన ఉద్యోగి ఒకరికి చూపులేని కొడుకు ఉన్నాడట. ఆ అబ్బాయికి సంగీతం చెప్పించే ఏర్పాటు చెయ్యమని అడిగితే, మహారాజు గారు ఒక్కడికే ఎందుకు, అందరికీ పనికొస్తుందని ఏకంగా కళాశాలే పెట్టించారని మా వైపు పెద్దలు చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాలు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు. అప్పటికి ఇరవయ్యారేళ్ళ వెంకటస్వామి నాయుడు గారు విద్యార్థిగా చేరదామని వెళ్ళారట. వాయించి చూపించమన్నారు. వాయించారు. విన్నవాళ్ళు ఆయన్ని విద్యార్థిగా కాదు, ఫిడేలు ఆచార్యుడిగా చేర్చుకున్నారు. చూపు లేదని ఒక బడి పంపించేసిన మనిషికి, చూపు లేని పిల్లవాడి కోసం పుట్టిన బడి పిలిచి కుర్చీ వేసింది. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక ఫిడేలు సంగతి. ఇది మన వాద్యం కాదు, దొరలతో వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దీన్ని నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. మనవాళ్ళు కింద కూర్చుని, ఫిడేలు తలను పాదం మీద ఆనించి, మెడ కింద కాక గుండెకి దగ్గరగా పెట్టుకుని వాయించడం అలవాటు చేసుకున్నారు. అయినా నూరేళ్ళకు పైగా దాని స్థానం పక్కవాద్యమే. గాయకుడు పాడితే నీడలా వెంట నడవాలి, ఆయన ఆగిన చోట ఆ పలుకే తిరిగి పలికించాలి. నాయుడు గారూ ఆ పని గొప్పగా చేశారు. అరియక్కుడి రామానుజ అయ్యంగారి వంటి దిగ్గజాల పక్కన కూర్చుని వాయించారు. కానీ ఫిడేలు తనంతట తాను నిండైన వాద్యమని, దానితోనే కచేరీ అంతా నడపవచ్చని ఆయన నమ్మకం. 1938లో వేలూరులో ఫిడేలు ఒక్కటే ప్రధానంగా కచేరీ చేసి చూపించారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది.

ఆయన పాత రికార్డులు ఇవాళ కంప్యూటరులో ఎవరైనా వినవచ్చు. హడావుడి ఉండదు. కమాను పొడుగ్గా, మెత్తగా లాగుతారు. సాహిత్యం తెలిసినవాళ్ళకి మాటలు వినపడుతున్నాయా అనిపిస్తుంది. పాశ్చాత్య విద్వాంసుల వాయిద్యాన్ని కూడా శ్రద్ధగా విని, కమాను పట్టులోని మెలకువలు గ్రహించి, వాటిని మన గమకానికి లొంగదీసుకున్నారు. 1952లో ప్రపంచ ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ మద్రాసు వచ్చినప్పుడు, జస్టిస్ రాజమన్నారు గారి ఇంట్లో నాయుడు గారి వాయిద్యం విని ముగ్ధుడయ్యాడు. పడమటి నుంచి మనకు వచ్చిన వాద్యం మన చేతిలో ఏమైందో ఆ పూట ఆయనకి తెలిసింది.

ఇంత పేరు వచ్చినా నాయుడు గారు ఉద్యోగం మానలేదు. అప్పట్లో పేరు కావాలంటే మద్రాసులో కాపురం పెట్టాలి. సభలు అక్కడ, రేడియో అక్కడ, గ్రామఫోను కంపెనీలు అక్కడ. ఆయన రైలెక్కి వెళ్ళి కచేరీ చేసి మళ్ళీ విజయనగరం వచ్చి పాఠం చెప్పుకునేవారు. 1936లో దాసు గారి తర్వాత ప్రిన్సిపాలు అయ్యారు. సరళీ స్వరాలు వాయించే పిల్లవాడి అపస్వరాలు రోజుల తరబడి వింటూ కూర్చోవడం ఎంత ఓపికతో కూడిన పనో, ఇంట్లో ఫిడేలు నేర్చుకునే పిల్లలున్న వారెవరినైనా అడగండి. మా ఇంట్లో రెండేళ్ళు విన్నాను కనుక నాకు బాగా తెలుసు.

ఆ బడి ఎవరెవరిని తయారు చేసిందో చూడండి. ఆయన ప్రిన్సిపాలుగా ఉన్న రోజుల్లోనే ఘంటసాల వెంకటేశ్వరరావు అనే పేద కుర్రవాడు ఉంగరం అమ్ముకుని సంగీతం కోసం విజయనగరం చేరాడు. వచ్చేసరికి సెలవులు. నాయుడు గారు కళాశాలలోనే తలదాచుకోనిచ్చారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి గాత్రం నేర్పారు. కడుపుకి మాత్రం జోలె పట్టి మధుకరం చేసుకున్నాడు. ఆ కుర్రవాడే 1971లో అమెరికా వచ్చి, అప్పటికి గుప్పెడుమందిగా ఉన్న మనవాళ్ళ ఎదుట పాడి వెళ్ళారు. 1940లో చేరిన నేదునూరి కృష్ణమూర్తి గారు 1991లో సంగీత కళానిధి అయ్యారు. విజయనగరం ఆడపడుచు పి. సుశీల గారు చదువుకున్నదీ ఆ కళాశాలలోనే. అందరూ ఆయన దగ్గరే కూర్చుని నేర్చుకోలేదు. కానీ అందరూ ఆయన కనిపెట్టుకుని ఉన్న గడప దాటి లోపలికి వచ్చినవారే.

ప్రభుత్వం 1957లో పద్మశ్రీ ఇచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో గౌరవించింది. 1964 నవంబరు 25న ఆయన కన్నుమూశారు. 1993లో శతజయంతికి తపాలా బిళ్ళ వచ్చింది. ఇన్ని గౌరవాలు అందుకున్నా మా జిల్లాల్లో ఆయన పేరు ఫిడేలు నాయుడు గారే.

ఈ కథ ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, కొన్నేళ్ళ క్రితం నేనుండే ఊళ్ళో స్కూలు బోర్డు డబ్బు చాలదని నాలుగో తరగతి పిల్లల ఫిడేలు క్లాసు ఎత్తేద్దామంది. సభ పెట్టారు. మన తల్లిదండ్రుల్లో కొందరు, మనం ఎలాగూ ప్రైవేటుగా చెప్పించుకుంటున్నాం కదా, మనకెందుకు అన్నారు. నాకు ఆ మాట రుచించలేదు. మన పిల్లలకి శనివారం గురువు గారు ఉంటారు, కారులో దింపడానికి అమ్మా నాన్నా ఉంటారు. అదే తరగతిలో స్కూలు అరువిచ్చిన ఫిడేలు తప్ప వేరే దారి లేని పిల్లలు ఉన్నారు. ఆ క్లాసు పోతే వాళ్ళలో ఒక ఘంటసాల ఉన్నా మనకి తెలియదు. నాకిచ్చిన మూడు నిమిషాల్లో బోర్డు వారికి విజయనగరం కథే చెప్పాను. వాళ్ళకి ఎంత ఎక్కిందో కానీ, క్లాసు మాత్రం వారానికి ఒక్కరోజుకి కుదించి నిలబెట్టారు. ఆ ఒక్కరోజు కోసం ఆ టీచరమ్మ ఇప్పుడు మూడు స్కూళ్ళు తిరుగుతోంది.

సంగీతం గొప్పవాళ్ళ వల్ల నిలుస్తుందని అనుకుంటాం. గొప్పవాళ్ళు తయారవ్వాలంటే ముందు ఒక గది కావాలి, నెలజీతం మీద ఒక మేష్టారు కావాలి, వచ్చిన పిల్లవాడి ఇంటిపేరు, డబ్బు, చూపు అడగని గడప కావాలి. మహారాజు గారు ఆ గదీ జీతం ఇచ్చారు, నాయుడు గారు తన జీవితం ఇచ్చారు. ఇక్కడ మహారాజులు లేరు, పన్నులు కట్టే మనం ఉన్నాం. మీ ఊళ్ళో ఇలాంటి సభ జరిగితే వెళ్ళండి, లేచి మాట్లాడండి. మన పిల్లవాడు ఆ క్లాసులో లేకపోయినా సరే.