గుండుగొలను డాక్టరు పెట్టిన బ్యాంకు

పోటీ పరీక్షల బిట్లలో భోగరాజు పట్టాభి సీతారామయ్య పేరు మీరు చూసే ఉంటారు. 1939లో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోస్ చేతిలో ఓడిపోయిందెవరు? ఆయనే. టిక్కు పెట్టేసి ముందుకెళ్లిపోతాం. కానీ బ్యాంకుకో, బీమా కంపెనీకో, కస్టమర్ సర్వీస్ ఉద్యోగానికో సిద్ధమవుతున్నవాళ్లకు పనికొచ్చే కథ ఆ ఓటమిలో లేదు.

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే దారిలో, భీమడోలు పక్కన గుండుగొలను ఉంది కదా. 1880 నవంబరు 24న ఆయన పుట్టింది అక్కడే. కొల్లేరు పెద్ద దూరమేం కాదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో డిగ్రీ, ఆ తర్వాత వైద్యం చదివి మచిలీపట్నంలో ప్రాక్టీసు పెట్టారు. చేతిలో మంచి వృత్తి ఉంది, హాయిగా స్థిరపడిపోవచ్చు. కొన్నేళ్లకు అది వదిలేసి స్వాతంత్ర్యోద్యమంలోకి, దాంతోపాటే సహకార సంఘాలు, బ్యాంకుల పనిలోకి దిగారు.

డాక్టరుకు బ్యాంకుతో ఏం పని అనిపిస్తుందా? డెల్టా రైతు లెక్క ఒకసారి వేసి చూడండి. డబ్బు చేతికొచ్చేది కోతలయ్యాక. ఖర్చేమో నాట్లప్పుడు. పిల్ల పెళ్లి, జబ్బు, వరద మాత్రం తేదీ చూసుకుని రావు. ఆ సందులో దిక్కు షావుకారే, అతను చెప్పిందే వడ్డీ. అప్పటి పెద్ద బ్యాంకుల చూపు పెద్ద వ్యాపారాల మీద, నడక ఇంగ్లీషులో. మన రైతు వాటి గడప తొక్కే ప్రశ్నే లేదు.

1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ఏర్పాటులో పట్టాభి ముందున్నారు. 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు రిజిస్టరైంది, 28న బందరులో తలుపులు తెరిచింది. చెల్లించిన మూలధనం 1 లక్ష రూపాయలు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ వచ్చింది. పొదుపు, అప్పు, ఇంటిపెద్ద పోతే కుటుంబానికి ఆసరా: ఇవి వేర్వేరు వ్యాపారాల్లా కనిపిస్తాయి గానీ, అవసరపడేది ఒకే ఇంటికి.

నన్ను అడిగితే, ఆయన చేసిన పెద్ద పని ఇంకోటి. తన సంస్థల్లో ఉత్తర ప్రత్యుత్తరాలు తెలుగులో జరగాలని పట్టుబట్టారు. దీన్ని భాషాభిమానం అని తేల్చేయకండి. సంతకం పెడుతున్న కాగితంలో ఏముందో ఖాతాదారుకు తెలియకపోతే అతను పక్కవాడి మాట నమ్మాలి. మోసం మొదలయ్యేది అక్కడే. ఈరోజుల్లో కన్స్యూమర్ రీసెర్చ్ అని కోర్సుల్లో చెప్పేది ఈ విషయమే: సేవ ఎక్కడ కొరుకుడు పడటం లేదో వాడేవాడి వైపు నుంచి చూడటం.

అలాగని అందరికీ అందిందని చెప్పలేం. దాచుకోడానికి ఏమీ లేని కూలీకి బ్యాంకు చాలాకాలం దూరంగానే ఉండిపోయింది.

మీకు ఇంటర్వ్యూ ఉందా? ఒక పూట మీ ఊరి బ్యాంకు శాఖలో కూర్చోండి. ఫారం నింపమని ఎంతమంది పక్కవాళ్లను అడుగుతున్నారు, ఏ గడి దగ్గర ఆగిపోతున్నారు, ఏ కౌంటరు నుంచి ఎందుకు వెనక్కి తిరుగుతున్నారు, రాసుకోండి. కొల్లేరు వైపు చేపల చెరువులున్న చుట్టాలుంటే, పట్టుబడికి పట్టుబడికి మధ్య ఇల్లు ఎలా గడుస్తుందో అడగండి. నెలనెలా కట్టాల్సిన వాయిదా వాళ్లకు ఎందుకు భారమో పుస్తకం లేకుండానే అర్థమవుతుంది. ప్యానెల్ ముందు ఆ నాలుగు పరిశీలనలు చెప్పగలిగితే బట్టీ పట్టిన నిర్వచనం కంటే బరువుంటుంది.

పట్టాభి 1948లో కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు, తర్వాత మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు, 1959 డిసెంబరు 17న కన్నుమూశారు. ఆంధ్రా బ్యాంకును 1980లో జాతీయం చేశారు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. బోర్డులు మారాయి. పాత పాస్‌బుక్కు మీ ఇంట్లో బీరువా అడుగున ఇంకా ఉండే ఉంటుంది, వెతకండి.