గోపన్న గారి లెక్క ఎక్కడ తప్పింది?

భద్రాచలం వీడియోలో టైమ్ సరిపోక వదిలేసిన సంగతి ఒకటుంది, ఇక్కడ రాస్తున్నాను.

రామదాసు అనగానే మనకి జైలు, కీర్తనలు గుర్తొస్తాయి. కానీ ఆయన అంతకంటే ముందు ఒక ఆఫీసర్. ఖమ్మం దగ్గర నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న. 17వ శతాబ్దం, గోల్కొండలో తానీషా పాలన. మేనమామలు అక్కన్న, మాదన్నలకి దర్బారులో మంచి పలుకుబడి. ఈయన పాల్వంచ పరగణాకి తహసీల్దారు. శిస్తు, లెక్కాపత్రం, కవిత్వం, అన్నీ వచ్చిన మనిషి.

మరి అంత తెలివైనాయన సర్కారు సొమ్ముతో గుడి ఎలా కట్టించారు? ఆయన భక్తిని తక్కువ చేస్తున్నానని మాత్రం అనుకోకండి. తను ఒక్క పైసా తినలేదు, పని రాముడిది, తర్వాత ఎలాగోలా కట్టేద్దాం, పైన మేనమామలున్నారు... ఇలా అనుకుని ఉంటారని నా ఊహ. మనసు ముందే నిర్ణయించేసుకున్నాక, తెలివి కారణాలు వెతికిపెడుతుంది. తెలివి ఎక్కువైతే కారణాలూ ఎక్కువే దొరుకుతాయి.

నాకెలా తెలుసంటారా? మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ రిపేరు డబ్బులు నా దగ్గర ఉండేవి. వినాయక చవితి మండపానికి వాడేశాను. దేవుడి పనే కదా, చందాలు రాగానే సర్దేద్దాం అనుకున్నా. చందాలు రాలేదు. మూడు వారాలు లిఫ్ట్ ఆగిపోయింది. నాలుగో అంతస్తు మామ్మగారు మోకాళ్ల నొప్పితో మెట్లెక్కుతుంటే నేను తల తిప్పుకుని వెళ్లిపోయేవాణ్ణి.

గోపన్న గారికి గోల్కొండ కోటలో చెర పడింది, పన్నెండేళ్లని చెబుతారు. అక్కడ కూడా ఆయన లెక్కల మనిషే! సీతమ్మకి ఏ నగ చేయించాను, లక్ష్మణుడికి ఏది, ఎంతయింది అని రాముడికే కీర్తనలో లెక్క అప్పజెప్పారు. దెబ్బలకి తాళలేక తిట్టాను, క్షమించమని మళ్లీ ఆయనే వేడుకున్నారు. ఆ చోట నాకు ప్రతిసారీ కళ్లు తడుస్తాయి.

కానీ ఖర్చుల లెక్కలో సొమ్ము ఎవరిదన్న పద్దు లేదు. ఆ పద్దు చూసింది రాముడే! రామోజీ, లక్ష్మోజీల పేర్లతో అన్నదమ్ములిద్దరూ తానీషా దగ్గరికి వెళ్లి, ఆరు లక్షల మొహరీలు లెక్కపెట్టి ఇచ్చారని కథ. నా గుడికే కదా ఖర్చయింది, మాఫీ చెయ్యమని అడగలేదు చూడండి. బాకీ మొత్తం కట్టి, రసీదు కూడా అడిగి తీసుకున్నారట.

నేను లిఫ్ట్ డబ్బులు జీతంలోంచి మూడు నెలల్లో కట్టాను. సెక్రటరీ గారిచ్చిన రసీదు ఇంకా పర్సులోనే ఉంది.