యంత్రపు నాడి ఎరిగిన జి.డి. నాయుడు

బాన్సువాడలో ట్రాక్టర్లు, మోటారు సైకిళ్ళు బాగుచేయు షెడ్డులకు కొదువ లేదు. నిజాంసాగర్ ఆయకట్టున వరికోతలు ముగిసిన దినములలో అచట ఇంజనులు వరుసగా విప్పబడియుండును. ఉస్తాదు చెంత నిలిచి పానా అందించు పిల్లలలో చదువు మధ్యలో విడిచిన మా విద్యార్థులు కూడ కానవత్తురు. వారిని చూచినపుడెల్ల మాకు కోయంబత్తూరు జి.డి. నాయుడుగారు జ్ఞప్తికి వత్తురు.

గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపమునగల కలంగల్ గ్రామమున, తమిళదేశములో స్థిరపడిన తెలుగు కుటుంబములో జన్మించిరి. శైశవముననే తల్లిని కోల్పోయిరి. బడి చదువు అంతంతమాత్రము. ఒక ఆంగ్ల అధికారి నడుపుచున్న మోటారు సైకిలును చూచుట ఆయన జీవితమును మలుపు త్రిప్పినది. కోయంబత్తూరు చేరి, హోటలులో సర్వరుగా పనిచేసి, కూడబెట్టిన సొమ్ముతో ఆ బండినే కొనిరి. అది ఇంగ్లండులోని కవెంట్రీ నగరమున తయారైన రడ్జ్. నాటి వేగవంతములైన యంత్రములలో నొకటి. ఆ కంపెనీ బండియే 1914లో ఐల్ ఆఫ్ మాన్ దీవిలో జరిగిన సీనియర్ పందెమును గెలిచినది.

కొన్న బండిపై ఊరంతయు తిరుగుట ఎవరైనను చేయుదురు. నాయుడుగారు దానిని విప్పి, బిగించి, మరల విప్పిరి. ఆయన యంత్రవిద్యకు అదియే ఓనమాలు.

పాత ఇంజను కదలకున్నచో ముందుగా చూడవలసినవి మూడు: నిప్పురవ్వ, పెట్రోలు, కంప్రెషన్. ఆ కాలపు బండ్లలో రవ్వను మాగ్నెటో పుట్టించెడిది. దాని పాయింట్ల ఎడము కొంచెము తప్పినను ఇంజను మొరాయించును. ప్లగ్గు విప్పిన దాని రంగే సగము కథ చెప్పును. పొడి మసి పట్టినచో పెట్రోలు పాలు హెచ్చినదని, తెల్లబారినచో గాలి హెచ్చినదని, నూనెతో తడిసినచో రింగులు అరిగియుండవచ్చునని గ్రహింతురు. కంప్రెషన్ తగ్గినపుడు సిలిండరులో కొద్దిగా నూనె పోసి పరీక్షింతురు. బలము పెరిగినచో లోపము రింగులది. పెరుగనిచో చాలవరకు వాల్వులది. అట్టి వాల్వును పేస్టు పూసి, దాని సీటుపై నూరి అమర్చవలెను. హకీము నాడి చూడక మందీయడు గదా! మా పాత స్కూటరుకు ఒక మెకానిక్కు పరీక్షింపకయే కార్బురేటరు మార్చెను. తుదకు దోషము ప్లగ్గు తీగలో తేలినది. ఆ నెల జీతమునకు పడిన గండి మేమింకను మరువలేదు.

నాయుడుగారు పత్తి వ్యాపారమున గడించినది పోగొట్టుకొని, 1920లో ఒకే ఒక బస్సును పొల్లాచి, పళనిల మధ్య స్వయముగా నడిపిరి. అదియే యూనివర్సల్ మోటారు సర్వీసుగా వర్ధిల్లి పలు బస్సులకు పెరిగినది. 1937లో ఆయన నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్సులో, డి. బాలసుందరం నాయుడుగారి ప్రతిభతో, దేశీయమైన తొలి విద్యుత్ మోటారు తయారైనది. 1952లో రెండు వేల రూపాయలకే ఇద్దరు కూర్చుండు పెట్రోలు కారును సిద్ధపరచిరి. లైసెన్సు లభింపక అది అంతటితో ఆగినది. ఈ వృత్తాంతము చదివినపుడు మాకు కలిగిన బాధ ఇంతయని చెప్పలేము.

బడి విడిచిన ఈ మనుష్యుడే 1945లో కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పేర సాంకేతిక కళాశాల వెలయుటకు కృషియు ధనమును ధారవోసిరి. అదియే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. నాలుగేండ్ల చదువు వృథాయని, రెండేండ్లు చాలునని ఆయన వాదించిరి. ప్రభుత్వము అంగీకరింపకపోగా ప్రిన్సిపాలు పదవిని త్యజించిరి. ఇచట మేము వారితో పూర్తిగా ఏకీభవింపము. ఆయన వంటివారికి రెండేండ్లు సైతము ఎక్కువే. మా తరగతిలో వెనుక బెంచీ పిల్లవానికి నాలుగును చాలవు. అయినను, ఇంజను బొమ్మను నల్లబల్లపై గీసి, అసలు ఇంజనును తాకనీయని చదువుపై ఆయనకు గల కినుక న్యాయమైనదే. కళాశాల కమిటీ పెద్దలు పనికిరాని పాత ఇంజను నొకదానిని కొని ఆవరణలో నుంచినచో, దానిని విప్పుటకు పిల్లలను తోడ్కొని వచ్చు బాధ్యత మాది. షెడ్డులోని ఉస్తాదును సైతము మేమే బతిమాలి పిలుచుకొని వత్తుము.

నాయుడుగారు 1974 జనవరి 4న పరమపదించిరి. కోయంబత్తూరులో వారి పేర ప్రదర్శనశాల కలదు. దానికి తోడుగా 2015లో పాతకాలపు కార్ల ప్రదర్శనశాలయు వెలసినది. ఆ వైపు విహారయాత్రకు వెళ్ళు విద్యార్థులు ఊటీ బస్సు ఎక్కుటకు ముందు అచట ఒక పూట దిగవచ్చును.