జీతము గొనని రబ్బీ – మోషే మైమోనిడీసు

రబ్బీ యను మాట మన చదువరులకు క్రొత్తది కాదు. సువార్తలలో శిష్యులు మన ప్రభువు నీ పేరుననే పిలిచిరి. పౌలు గమలీయేలు పాదములయొద్ద విద్య నేర్చెనని అపొస్తలుల కార్యములలో చదివియున్నాము. క్రీ. శ. 70లో రోమీయులు యెరూషలేము దేవాలయమును పడగొట్టిన పిమ్మట యూదులకు బలిపీఠము లేకపోయెను. యాజకులకు పని లేకపోయెను. నానాదేశములకు చెదరిపోయిన ఆ జనమును ఒక్క జనముగా నిలిపినవారు రబ్బీలే. వారికి రాజ్యము లేదు, సైన్యము లేదు. ఇతడు ధర్మశాస్త్రము నెరిగినవాడు అని జనులు నమ్ముటయే వారి బలము. అట్టి యధికారము వంశమువలన వచ్చునా, పదవివలన వచ్చునా, విద్యవలన వచ్చునా యను వివాదము వారిలో చిరకాలము జరిగినది. ఆ వివాదములో తన జీవితమునే సాక్ష్యముగా నిలిపినవాడు మోషే బెన్ మైమోను. ఐరోపావారు ఈయనను మైమోనిడీసు అందురు. యూదులు ఈయన నామములోని మొదటి యక్షరములను కూర్చి రంబం అని పిలుతురు.

ఈయన 1138లో స్పెయిను దేశమందలి కొర్దోవా పట్టణమున జన్మించెను. తండ్రి మైమోను అచ్చటి యూదులకు న్యాయాధిపతి. కుమారునికి తొలి గురువును ఆయనయే. పదియేండ్ల ప్రాయమున బాలుని సుఖము ముగిసెను. 1148లో ఆఫ్రికానుండి వచ్చిన అల్మొహదు లను పాలకులు కొర్దోవాను గైకొని, యూదులును క్రైస్తవులును మతము మార్చుకొనవలెను, లేదా దేశము విడువవలెను అని నిర్బంధించిరి. ఆ కుటుంబము ఊరూర తిరిగి, 1160 ప్రాంతమున మొరాకోలోని ఫెజ్ పట్టణము చేరెను.

అచ్చటను అదే నిర్బంధము. ప్రాణభయముచేత నోటితో ఒకటి పలికి, మనస్సులో తమ దేవుని ప్రార్థించుకొను యూదులు వేలకొలది యుండిరి. అట్టివారి ప్రార్థనలు వ్యర్థములని ఒక పండితుడు తీర్పు వ్రాసి పంపెను. యువకుడగు మోషే దానికి ప్రత్యుత్తరము వ్రాసి, వారిని త్రోసివేయరాదనియు, రహస్యముగా చేసిన ప్రార్థనకును ప్రతిఫలము గలదనియు, అయినను వీలు చిక్కగానే ఆ దేశము విడిచిపోవుట వారి ధర్మమనియు బోధించెను. తాను చెప్పినది తానును చేసెను. 1165లో కుటుంబముతో ఓడయెక్కి, నడిసముద్రమున తుపానులో చిక్కి బ్రదికి, పాలస్తీనాలోని అక్కో రేవున దిగెను. యెరూషలేమును, హెబ్రోనును దర్శించి, తుదకు ఐగుప్తులో కైరో నగరము ప్రక్కనున్న ఫుస్తాతులో స్థిరపడెను. ఇన్ని సంచారములలోను చేతినుండి కలము విడువలేదు. పూర్వ రబ్బీల న్యాయసంగ్రహమగు మిష్నాకు వ్యాఖ్యానమును ఇరువదిమూడవ యేట ఆరంభించి 1168లో ముగించెను. దానిలో కొంతభాగము త్రోవలలోను, ఓడలమీదను వ్రాసినదే.

ఆ కాలమున కుటుంబమును పోషించినవాడు తమ్ముడగు దావీదు. అతడు రత్నవర్తకుడు. అన్న చదువుకొనుచుండ తమ్ముడు వర్తకము చేసి తెచ్చెడివాడు. అతడు ఎర్రసముద్రపు ఒడ్డున ఐధాబు రేవునుండి అన్నకు వ్రాసిన జాబు ఒకటి ఫుస్తాతు సమాజమందిరపు పాత కాగితముల కొట్టులో నిలిచియుండి, తరువాత బయటపడినది. ఆ రేవున కొనదగిన సరకు దొరకలేదనియు, కావున మన హిందూదేశమునకే ఓడయెక్కుచున్నాననియు, ఎడారి దాటించిన దేవుడు సముద్రమును దాటించుననియు ఇంటివారిని ఓదార్చుచు వ్రాసెను. తుదకు హిందూ మహాసముద్రములోనే ఓడ మునిగి దావీదు మరణించెను. తమదియు, ఇతరులదియు నగు ధనమంతయు అతనితో పోయెను. అతని భార్యయు, చిన్న కూతురును అన్న పోషణలోనికి వచ్చిరి. మోషే జ్వరముతోను దుఃఖముతోను ఏడాదికాలము మంచము పట్టెను. ఎనిమిదేండ్ల తరువాత కూడ తమ్ముని చేవ్రాత కంటబడినపుడెల్ల గుండె చెదరునని ఒక మిత్రునికి వ్రాసికొనెను.

ఇక జీవనము ఎట్లు? అంతటి పండితుడు చేయి చాచినయెడల ఇచ్చువారు కొదువగా లేరు. ఆ దినములలో బాగ్దాదునందలి గొప్ప విద్యాపీఠములకు అధిపతులగు గావోనులు దూరదేశముల సంఘములనుండి కానుకలు తెప్పించుకొనుచు, రాజులవలె పరిచారకులతో కొలువు తీరుచుండిరి. అది తప్పని ఎవరికిని తోచలేదు. మోషే మాత్రము ధర్మశాస్త్రమును త్రవ్వుకొను పలుగుగా చేసికొనరాదని తన వ్యాఖ్యానములో మిక్కిలి కటువుగా వ్రాసెను. పూర్వము హిల్లేలువంటి మహాబోధకుడు కట్టెలు కొట్టి జీవించెననియు, ఎవరిని యాచింపలేదనియు చూపెను. పౌలు డేరాలు కుట్టి బోధించినదియు ఈ పాత ఆచారమును బట్టియే. జీతముమీద జీవించు మావంటి ఉపాధ్యాయులకు ఈయన మాట కొంచెము గుచ్చుకొనును. అయినను ఆయన ఇతరులకు చెప్పి తాను తప్పించుకొనలేదు. నేర్చిన వైద్యమునే వృత్తిగా గైకొనెను. కొంతకాలమునకు సలాదీను సుల్తానుయొక్క మంత్రియగు అల్ ఫాదిలు ఆయనకు వార్షిక వేతనము ఏర్పరచెను. అది వైద్యునికి ఇచ్చిన వేతనము, రబ్బీకి ఇచ్చినది కాదు.

సంఘకార్యములకు మాత్రము ఆయన ముందుండెను. 1168లో క్రూసేడు రాజగు అమాల్రికు బిల్బేసు పట్టణమును పట్టుకొని జనులను బందీలుగా గొనిపోయినపుడు, వారిని విడిపించు ధనముకొరకు ఆయన ఊరూరికి జాబులు వ్రాసెను. 1171 ప్రాంతమున ఐగుప్తు యూదులకు పెద్దగా నియమింపబడెను. ఆ పదవి అప్పట్లో చిరకాలము ఆయన చేతిలో నిలువలేదు. అయినను ప్రశ్నలు వచ్చుట మానలేదు. 1172లో యెమెను దేశపు యూదులు, ఒకవైపు బలవంతపు మతమార్పిడిచేతను, మరియొకవైపు తానే మెస్సీయ రాకను చాటువాడనని లేచిన యొకని చేతను కలతనొంది, తమపై ఏ యధికారమును లేని ఈయననే ఆశ్రయించిరి. ధైర్యముగా నిలువుడని, మోసపోకుడని ఆయన వ్రాసిన జాబును వారు ఊరూర చదివించుకొనిరి.

ఈ నడుమనే పదియేండ్ల కృషితో మిష్నే తోరా యను 14 భాగముల గ్రంథమును రచించెను. సముద్రమువంటి తాల్ముదు చర్చలలోని తీర్పులన్నియు సులభమైన హెబ్రీ భాషలో వరుసగా పేర్చిన గ్రంథమిది. పండితులకు దాసులు కాకుండ సామాన్యులును ధర్మము తెలిసికొనవలెనని ఆయన కోరిక. అదియే పండితులకు కంటకమయ్యెను. ఏ తీర్పు ఏ రబ్బీదో చెప్పక వదలెనని ప్రోవెన్సు దేశపు అబ్రాహాము బెన్ దావీదు తీవ్రముగా ఖండించెను. ఈ నింద న్యాయమైనదే యని నాకు తోచుచున్నది. మూలములు చూపనివాడు కూడ మరియొక విధముగా తన్ను నమ్ముమని యడిగినవాడే గదా. బాగ్దాదు గావోనగు సమూయేలు బెన్ ఏలీ, ఈయన మృతుల పునరుత్థానమును సరిగా నమ్మడని ప్రచారము చేసెను. మోషే 1191లో దానిపై ప్రత్యేకముగా ఒక చిన్న గ్రంథము వ్రాసి తన విశ్వాసమును విశదపరచెను. అలెప్పోలోనున్న ప్రియశిష్యుడు యోసేపు కోపముతో బాగ్దాదువారిపై లేవగా, ఆ వృద్ధుని గౌరవింపుమని మందలించెను. బడి పెట్టి పదవిమీద బ్రదుకుటకంటె నేతపనివలననో కుట్టుపనివలననో వచ్చిన ఒక్క ద్రమ్మము మేలని అతనికి హితవు చెప్పెను. 1190 ప్రాంతమున అరబీ భాషలో ముగించిన, విశ్వాసమునకును తర్కమునకును సంధి కూర్చు ప్రసిద్ధ గ్రంథము ఈ శిష్యుని సందేహములు తీర్చుటకు వ్రాసినదే.

ఆ గ్రంథమును హెబ్రీలోనికి మార్చుచుండిన సమూయేలు ఇబ్న్ తిబ్బోను తన్ను చూడవచ్చెదనని వ్రాయగా, 1199లో మోషే తన దినచర్యను తెలిపెను. సుల్తాను కోట కైరోలో. తన యిల్లు ఫుస్తాతులో. నడుమ రెండు విశ్రాంతిదినపు నడకల దూరము, అనగా సుమారు మైలున్నర. ప్రతిదినము ఉదయముననే కోటకు పోవలెను. రాణివాసమున గాని పిల్లలకు గాని జబ్బయినచో దినమంతయు అచ్చటనే. లేనియెడల మధ్యాహ్నము దాటిన తరువాత ఆకలితో ఇల్లు చేరును. అప్పటికే వసారాలనిండ యూదులు, అన్యులు, గొప్పవారు, పేదలు, మిత్రులు, శత్రువులు కాచియుందురు. వాహనము దిగి, చేతులు కడుగుకొని, కొంచెము తినివత్తును, ఓర్చుకొనుడని వారిని బతిమాలును. ఇరువదినాలుగు గంటలలో అదొక్కటే భోజనము. పిమ్మట ప్రొద్దుక్రుంకి రెండు గంటలు దాటువరకు రోగులను చూచుచు, అలసటచే పండుకొనియే మందులు చెప్పును. విశ్రాంతిదినమున మాత్రము సంఘమువారు ప్రార్థన కాగానే వచ్చి, ఆ వారము చేయవలసిన కార్యములను అడిగి, కలిసి చదువుకొని పోవుదురు. కావున వచ్చినను నీతో ఒక్క గంటయు విద్యాగోష్ఠి దొరకదని ఆయన సారాంశము.

అట్టి శ్రమలోనే 1204 డిసెంబరు 13న మోషే మరణించెను. దేహమును గలిలయలోని తిబెరియకు కొనిపోయి పాతిపెట్టిరి. 18 ఏండ్ల కుమారుడగు అబ్రాహాము ఐగుప్తు యూదుల పెద్దయయ్యెను. ఇతడును వైద్యముచేతనే జీవించెను. తరువాతి శతాబ్దములలో రబ్బీలు జీతము పుచ్చుకొనుట సర్వసాధారణమయ్యెను. బోధకు కాదు, బోధలో గడచిన కాలమునకు అది పరిహారమని వారి వాదము. అబ్రాహాము దినములలో బాగ్దాదు పక్షపు దానియేలు అను పండితుడు మోషే గ్రంథములపై దోషారోపణ చేసెను. అతనిని వెలివేయుమని, అప్పటికి వృద్ధుడైన శిష్యుడు యోసేపు కోరెను. ఆ యధికారము అబ్రాహామునకు కలదు. కాని నిందింపబడినవాడు తన తండ్రి గనుక, ఈ వ్యాజ్యెములో తాను న్యాయాధిపతిని కాజాలనని చెప్పి అతడు నిరాకరించెను.